మల్టిప్లై పెడితే మొహాలు ఎర్రబడుతున్నాయి, రెండు బ్లెండింగ్ మోడ్స్ కలిపి వాడేదెట్ల?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తా, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాల కదా. గండికోటలో సాయంత్రం పూట తీసిన ప్రీ వెడ్డింగ్ ఫోటో, వెనకాల పెన్నా లోయ, ఎర్ర రాళ్ళు, ముందు జంట. ఆకాశం పాలిపోయిందని లేయర్ (ఫోటో పొర) డూప్లికేట్ చేసి దాని బ్లెండింగ్ మోడ్, అంటే పై పొర కింది పొరతో కలిసే పద్ధతి, మల్టిప్లై పెట్టినావ్, ఆకాశం బాగా వచ్చింది, రాళ్ళు కూడా బాగా వచ్చినాయి, కానీ మొహాలు ఇటుక రంగుకు తిరిగినాయి. దాన్ని సరిచేద్దామని పైన స్క్రీన్ ఒకటి, దాని మీద సాఫ్ట్ లైట్ ఇంకోటి వేస్తే ఇప్పుడు ఫోటో మొత్తం మురికి పట్టినట్టు కనిపిస్తాంది. అందుకే ఒకే లేయర్‌కు మల్టిప్లై, లూమినాసిటీ (రంగు ముట్టకుండా వెలుతురు మాత్రమే మార్చే మోడ్) రెండూ పెట్టే దారి ఉందా, ఏది కింద ఉండాల ఏది పైన ఉండాల అని అడిగినావ్.

సూటిగా చెప్పాలంటే ఒక లేయర్‌కు ఒకటే మోడ్. రెండు టిక్ చేసే వీలు ఫోటోషాప్‌లో లేదు, దానిలాంటి ఎడిటర్లు గింప్‌లో లేదు, ఫోటోపీలో కూడా లేదు. కానీ రెండు మోడ్స్ కలిపితే వచ్చే ఫలితం మాత్రం గ్రూప్ (కొన్ని లేయర్లను కలిపి పెట్టే ఫోల్డర్) పెట్టి పక్కాగా తెచ్చుకోవచ్చు. నేను కర్నూల్లో ఆల్బమ్ పని చేస్తా, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే పొద్దున్నుంచి రాత్రిదాకా కరిజ్మా షీట్లతోనే (పెళ్ళి ఆల్బమ్ పేజీలు) ఉంటా, నా దగ్గరికి వచ్చే పీఎస్‌డీల్లో (లేయర్లతో సేవ్ చేసిన ఫోటోషాప్ ఫైళ్ళు) ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. మోడ్ తప్పు ఎంచుకోవడం కాదు, ఏ మోడ్ దేన్ని చూసి లెక్క వేస్తాందో చూసుకోకపోవడం. ప్రతి మోడ్ తన కింద అప్పటిదాకా తయారైన ఫలితాన్ని చూస్తుంది, నీ అసలు ఫోటోను కాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

లెక్కతో చూద్దాం, భయపడొద్దు, ఇది కూడికలు గుణకారాలే. పిక్సెల్ అంటే ఫోటోలో ఒక చుక్క, దాని విలువ 0 నలుపు నుంచి 255 తెలుపు దాకా. మల్టిప్లై అంటే పై పిక్సెల్ విలువను కింది దానితో గుణించి 255తో భాగించడం. స్క్రీన్ అంటే రెండిట్నీ తిరగేసి గుణించి మళ్ళీ తిరగేయడం, అందుకే అది ఎప్పుడూ వెలుతురు పెంచుతుంది. ఇప్పుడు కింద మధ్యస్తం బూడిద రంగు 128 ఉందనుకో. దాని మీద 128 లేయర్ మల్టిప్లైలో పెడితే 64 అవుతుంది, ఆ 64 మీద 128ని స్క్రీన్‌లో పెడితే 160. ఇప్పుడు వరుస మార్చు, ముందు స్క్రీన్ పెడితే 192, దాని మీద మల్టిప్లై పెడితే 96. అవే లేయర్లు, అవే మోడ్స్, వరుస ఒక్కటే మారింది, ఒకచోట 160 ఇంకోచోట 96. ఒకటి అసలు కంటే తెల్లగా, ఇంకోటి అసలు కంటే నల్లగా. స్క్రీన్ పైన పెట్టినా కింద పెట్టినా ఒకటే కదా అని కొంతమంది అంటాంటారు, అది నిజం కాదు.

అన్నీ ఒకటే మోడ్ అయితే మాత్రం వరుస గురించి పట్టించుకోనక్కర్లేదు. నాలుగు ఫోటో లేయర్లూ మల్టిప్లై అయితే ఎట్ల మార్చినా అదే ఫలితం, నాలుగూ స్క్రీన్ అయినా అంతే, డార్కెన్ (రెండిట్లో నల్లదాన్ని ఉంచేది), లైటెన్ (తెల్లదాన్ని ఉంచేది) కూడా అంతే. అందుకే రాత్రిపూట నక్షత్రాల గీతలు, మెరుపులు తీసిన షాట్లన్నీ లైటెన్‌లో వేసేటప్పుడు ఏ షాట్ పైన ఏది కింద అని ఎవరూ చూడరు. వేరే వేరే మోడ్స్ కలిసిన దగ్గర్నుంచే వరుస మొదలవుతుంది.

ఇంకో మాట. ఓవర్‌లే అనేదే మల్టిప్లై, స్క్రీన్ రెండూ కలిపిన మోడ్. కింది లేయర్ సగం కంటే నల్లగా ఉన్నచోట మల్టిప్లై లెక్క, సగం కంటే తెల్లగా ఉన్నచోట స్క్రీన్ లెక్క నడుస్తుంది. హార్డ్ లైట్ కూడా అదే లెక్క, కానీ అక్కడ నిర్ణయించేది పై లేయర్. ఎంత దగ్గర అంటే ఓవర్‌లేలో ఉన్న రెండు లేయర్ల వరుస తిప్పేసి హార్డ్ లైట్ పెడితే అచ్చం అదే ఫోటో వస్తుంది. సాఫ్ట్ లైట్ ఇదే బాటలో నడిచే ఇంకా మెత్తటి మోడ్. కాబట్టి నువ్వు మల్టిప్లై మీద స్క్రీన్, దాని మీద సాఫ్ట్ లైట్ వేసినప్పుడు నల్లబరిచి, తెల్లబరిచి, మళ్ళీ నల్లబరిచి తెల్లబరిచినట్టు అయింది. ప్రతిసారీ మధ్య టోన్లు కొంచెం కొంచెం నలిగిపోతాయి, మురికి అంటే అదే.

ఇప్పుడు అసలు విషయం, మొహాలు. మొహం మీద ఒక పిక్సెల్ తీసుకుందాం, ఎరుపు 200, ఆకుపచ్చ 150, నీలం 120, మన ఎండలో తీసిన ఫోటోల్లో మామూలుగా దొరికే చర్మం రంగు. ఆ లేయర్నే డూప్లికేట్ చేసి మల్టిప్లై పెడితే ఒక్కో చానల్ (ఈ మూడు రంగుల్లో ఒక్కోటి) తనతో తానే గుణించుకుంటుంది, 200 కాస్తా 157, 150 కాస్తా 88, 120 కాస్తా 56 అవుతాయి. చూడు ఏమైందో, ముందు ఎరుపు నీలానికి ఒకటిన్నర రెట్ల పైన కొంచెం ఉండేది, ఇప్పుడు దాదాపు మూడు రెట్లు. వెలుతురు తగ్గడం మాత్రమే కాదు, తక్కువ ఉన్న చానల్ మరీ ఎక్కువ పడిపోయింది, అందుకే ఇటుక రంగు. ఇందులో నీ కెమెరా తప్పు లేదు, మానిటర్ తప్పు లేదు, మల్టిప్లై లెక్కే అంత.

దీనికి మొదటి మందు, శానా మంది వాడనిది, పైన పెట్టే కాపీని నలుపు తెలుపు చేయడం. డూప్లికేట్ లేయర్‌ను మల్టిప్లై పెట్టి, దాని మీద బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (బొమ్మ లేకుండా, కింద ఉన్నదాన్ని మార్చే లేయర్) వేసి, ఆల్ట్ పట్టుకుని రెండు లేయర్ల మధ్య గీత మీద నొక్కి క్లిప్ చేయి, అంటే దాని మార్పు ఆ ఒక్క కాపీకే పడేట్టు కట్టెయ్. ఇప్పుడు పై కాపీలో ఆ చర్మం పిక్సెల్ దాదాపు 162 బూడిద అయిపోయింది అనుకుందాం, దానితో గుణిస్తే మూడు చానళ్ళూ ఒకే నిష్పత్తిలో తగ్గి 127, 95, 76 వస్తాయి. ఎరుపుకు నీలానికి ముందున్న తేడానే ఉంది. చీకటి పెరిగింది, రంగు చెడలేదు. పైగా బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు, పసుపు స్లైడర్లు కొంచెం పైకి జరిపితే మొహం తక్కువ నల్లబడుతుంది, నీలం స్లైడర్ కిందికి జరిపితే ఆకాశం ఎక్కువ నల్లబడుతుంది, మాస్క్ (లేయర్ ఎక్కడ కనపడాలో చెప్పే తెర) గీయకుండానే ఆకాశానికీ మొహానికీ వేరే వేరే మోతాదు దొరికినట్టే.

రెండోది నువ్వు అడిగిందే, మల్టిప్లై ప్లస్ లూమినాసిటీ. ఇక్కడే అందరూ దారి తప్పేది, కాబట్టి నిదానంగా చదువు. మల్టిప్లై లేయర్‌ను గ్రూప్‌లో వేసి గ్రూప్ మోడ్ లూమినాసిటీ చేస్తే సరిపోతుందని అనుకుంటారు, చేసి చూస్తే మల్టిప్లై మాయమైపోతుంది. ఎందుకంటే గ్రూప్ మామూలుగా పాస్ త్రూలో ఉంటుంది, అంటే గ్రూప్ ఉన్నా లేనట్టే, లోపలి లేయర్లు బయట కింద ఉన్నవాటిని చూస్తాయి. గ్రూప్‌ను పాస్ త్రూ నుంచి ఇంకే మోడ్‌కు మార్చినా, నార్మల్‌కు మార్చినా సరే, ఆ గ్రూప్‌కు తలుపు మూసుకుంటుంది, లోపలి లేయర్లకు బయట ఏముందో కనపడదు. అప్పుడు లోపల ఒంటరిగా ఉన్న మల్టిప్లై లేయర్‌కు గుణించడానికి కింద ఏమీ ఉండదు, నార్మల్ లాగా కూర్చుంటుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఒక్కటే ఉంటే అసలు ఏ పనీ చేయదు. కాబట్టి గ్రూప్ లోపల అడుగున అసలు ఫోటో కాపీ ఒకటి పెట్టాల, దాని మీద మల్టిప్లై, ఆ తర్వాత గ్రూప్‌కు లూమినాసిటీ. అప్పుడు లోపల మల్టిప్లై జరిగి, ఆ ఫలితంలో నుంచి వెలుతురు మాత్రమే బయటికి వచ్చి, రంగు కింద ఉన్న అసలు ఫోటో నుంచి తీసుకుంటుంది. మన పిక్సెల్ ఇట్ల చేస్తే సుమారు 143, 93, 63 దగ్గర ఆగుతుంది. ఉత్త మల్టిప్లైలో వచ్చిన 157, 88, 56 కంటే నయం, నలుపు తెలుపు కాపీతో వచ్చిన దానికంటే కొంచెం వెచ్చగా ఉంటుంది. మొహాలకు నలుపు తెలుపు పద్ధతే నాకు నచ్చుతుంది, గ్రూప్ పద్ధతి బట్టలు, పూలు, మండపం లాంటి వాటికి బాగుంటుంది, అక్కడ కొంచెం గాఢంగా ఉన్నా కంటికి ఇంపే.

గ్రూప్ లోపల ఇంకో గ్రూప్ పెట్టొచ్చు, ఒక్కోదానికి ఒక్కో మోడ్, ఒక్కో మాస్క్, ఒక్కో ఒపాసిటీ (లేయర్ ఎంత శాతం కనపడాలన్న మోతాదు), అట్ల ఎన్ని మోడ్స్ అయినా కలుపుకోవచ్చు. మొత్తాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసేస్తే బయటికి ఒక్క లేయర్ లాగే కనిపిస్తుంది, దానికి మళ్ళీ ఒక మోడ్ పెట్టుకోవచ్చు. కానీ మూడు అంతస్తులు దాటితే నెల తర్వాత తెరిచి చూసుకుంటే నీకే అర్థం కాదు, లేయర్లకు తెలుగులోనే పేర్లు రాసి పెట్టుకో, ఆకాశం, మొహం, రాళ్ళు అని.

డూప్లికేట్ చేయకుండా ఖాళీ కర్వ్స్ లేయర్ (ఏ మార్పూ చేయని అడ్జస్ట్‌మెంట్ లేయర్) వేసి దానికే మల్టిప్లై పెట్టే పద్ధతి కూడా ఉంది, ఫైల్ సైజు పెరగదు. 24 మెగాపిక్సెల్ ఫోటోలో ఒక్క పూర్తి లేయర్ 8 బిట్‌లో దాదాపు 70 ఎంబీ, 16 బిట్ అయితే దానికి రెట్టింపు, కాబట్టి పాత సిస్టమ్ ఉన్నోళ్ళకు ఇది పెద్ద ఊరట. కానీ రెండు వేసేటప్పుడు తేడా తెలిసుండాల. 200 ఉన్న పిక్సెల్ మీద రెండు డూప్లికేట్లు మల్టిప్లైలో వేస్తే 123 వస్తుంది, రెండు ఖాళీ కర్వ్స్ మల్టిప్లైలో వేస్తే 97 వస్తుంది. ఎందుకంటే డూప్లికేట్ ఎప్పుడూ అసలు 200నే మోసుకొస్తుంది, కర్వ్స్ మాత్రం తన కింద అప్పటికే 157 అయిన దాన్ని తీసుకుని దానితోనే దాన్ని గుణిస్తుంది. ఎవరో చెప్పిన సెట్టింగ్ మనకు ఎందుకు ఎక్కువ నల్లగా వస్తాందో అని తల పట్టుకునే సందర్భాల్లో ఇదొక కారణం.

ఇక నీ గండికోట ఫోటో. ముందు ఆకాశం నిజంగా తెల్లగా కాలిపోయిందా, పాలిపోయిందా చూడు. ఇన్ఫో ప్యానెల్ తెరిచి మౌస్ పెట్టు, 240 ఉంటే మల్టిప్లైలో 226కు వస్తుంది, పనవుతుంది. 255, 255, 255 అని చూపిస్తే మాత్రం ఎన్ని మల్టిప్లై కాపీలు వేసినా 255 గానే ఉంటుంది. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫైల్) ఉంటే ఫోటోషాప్‌లోని కెమెరా రాలో హైలైట్స్ తగ్గించి మళ్ళీ తెచ్చుకో, జేపెగ్ మాత్రమే ఉంటే పై నుంచి కిందికి లేత నీలం గ్రేడియంట్ ఒకటి మల్టిప్లైలో వేసుకో. తెలుపు మీద మల్టిప్లై చేస్తే పై రంగు ఉన్నదున్నట్టు వస్తుంది కాబట్టి అతికినట్టు ఉండదు, కొండ అంచుల దగ్గర కూడా తెల్ల గీత రాదు.

ఆ ఆకాశం మల్టిప్లై లేయర్ మీద డబుల్ క్లిక్ చేస్తే బ్లెండింగ్ ఆప్షన్స్‌లో అడుగున బ్లెండ్ ఇఫ్ అని ఉంటుంది. అండర్‌లైయింగ్ లేయర్ అనే కింది పట్టీలో నల్ల స్లైడర్ కుడికి జరుపు, ఆల్ట్ పట్టుకుని జరిపితే అది రెండు ముక్కలవుతుంది, ఒక ముక్క 130 దగ్గర, ఇంకోటి 190 దగ్గర పెట్టి చూడు. ఇప్పుడు మల్టిప్లై వెలుతురు ఉన్నచోటే పడుతుంది, నీడలో ఉన్న జుట్టు, లోయ అడుగు నల్లగా మూసుకుపోవు. సాయంత్రపు వెలుగు నుదుటి మీద, ముక్కు మీద పడి ఉంటుంది కాబట్టి మొహాల దగ్గర మాత్రం మాస్క్‌లో నల్ల బ్రష్ తిప్పాల, తప్పదు. రాళ్ళకు మాత్రం ఉత్త మల్టిప్లై ఉంచెయ్, అక్కడ ఎరుపు పెరగడం నీకు కలిసొచ్చేదే, గండికోట రాయికి ఆ రంగు ఉంటేనే అందం. మొహాలకు నలుపు తెలుపు కాపీ ఉన్న మల్టిప్లై, అది కూడా 30, 40 శాతం ఒపాసిటీ చాలు.

స్క్రీన్ లేయర్ పూర్తిగా తీసెయ్. మొహం మీద వెలుతురు కావాలంటే కొత్త లేయర్ ఐకాన్‌ను ఆల్ట్ పట్టుకుని నొక్కు, మోడ్ సాఫ్ట్ లైట్ ఎంచుకుని కింద 50 శాతం బూడిద నింపమనే టిక్ పెట్టు. ఆ బూడిద సాఫ్ట్ లైట్‌లో కనిపించదు, దాని మీద తెల్ల బ్రష్ తక్కువ ఫ్లోతో తిప్పితే వెలుతురు, నల్ల బ్రష్ తిప్పితే నీడ. ఈ లేయర్ మల్టిప్లై పైన ఉండాల, ఎందుకంటే ముందు మొత్తం టోన్ కుదిరాకే యాడ వెలుతురు తక్కువైందో కంటికి తెలుస్తుంది. షార్ప్‌నెస్ కోసం హై పాస్ (అంచులు తేల్చే ఫిల్టర్) వాడితే అది అన్నిటికీ పైన, కంట్రోల్ షిఫ్ట్ ఆల్ట్ ఈ నొక్కి స్టాంప్ చేసుకుని (కనిపించేదంతా ఒక కొత్త లేయర్‌గా కలిపి), చిన్న రేడియస్‌తో హై పాస్ వేసి ఓవర్‌లే. కింద ఏదైనా మార్చినప్పుడు ఆ స్టాంప్ తీసేసి కొత్తగా చేసుకోవాల, పాతది ఉంచితే అంచుల దగ్గర నీడలు తేలుతాయి.

పట్టుచీర జరీ గురించి కూడా చెప్పాల, ఈ ఫోటోలో పెళ్ళికూతురు పట్టుచీరలో ఉందన్నావ్ కదా. స్క్రీన్ ఎందుకు తీసెయ్యమన్నానంటే జరీలో 200 ఉన్న పోగు, 230 ఉన్న పోగు పక్కపక్కన ఉంటాయి, ఆ 30 తేడానే మనకు నేతలాగా కనపడేది. అదే ఫోటో కాపీని స్క్రీన్‌లో వేస్తే 200 కాస్తా 243, 230 కాస్తా 253, తేడా 10కి పడిపోయింది, ప్రింట్‌లో ఒట్టి పసుపు పట్టీ మిగులుతుంది. తలంబ్రాల ఫోటోల్లో తెల్ల బియ్యం గింజలకు కూడా ఇదే జరుగుతుంది. ఎక్కడైనా స్క్రీన్ తప్పనిసరి అయితే బ్లెండ్ ఇఫ్‌లో తెల్ల స్లైడర్ ఎడమకు లాగి వెలుతురు భాగాలు కాపాడుకో.

ఒపాసిటీ, లేయర్స్ ప్యానెల్‌లో దాని కిందే ఉండే ఫిల్ రెండూ ఒకటే అనుకుంటారు, శానా మోడ్స్‌లో ఒకటే కూడా. కానీ కలర్ బర్న్, లీనియర్ బర్న్, కలర్ డాడ్జ్, లీనియర్ డాడ్జ్, వివిడ్ లైట్, లీనియర్ లైట్, హార్డ్ మిక్స్, డిఫరెన్స్, ఈ ఎనిమిదిట్లో మాత్రం ఫిల్ తగ్గిస్తే వచ్చేది వేరు. దీపాల వెలుగు, సూర్యుడి గ్లో కలర్ డాడ్జ్‌లో పెట్టి ఒపాసిటీ బదులు ఫిల్ తగ్గించి చూడు, వెలుగు సహజంగా కరిగిపోతుంది, ఒపాసిటీ తగ్గిస్తే పొగలాగా వెలిసిపోతుంది.

ఇప్పుడు నేను గట్టిగా నమ్మే మాట ఒకటి. మొహం మీద స్క్రీన్ వేసి తెల్లగా చేయమని కస్టమర్లు అడుగుతారు, డిజైనర్లు కూడా అడక్కముందే చేసేస్తాంటారు. చేయొద్దు. మన అనంతపురం, కడప ఎండలో పెరిగిన చర్మానికి ఒక నునుపు, ఒక లోతు ఉంటాయి, స్క్రీన్ వాటిని బూడిద పూసినట్టు చేస్తుంది, మొహం తెల్లగా, మెడా చేతులూ ఇంకో రంగులో మిగులుతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు ఆల్బమ్ తెరిస్తే అమ్మ అమ్మలాగే కనపడాల. వెలుతురు సరిచేయి, నీడలు తేలిక చేయి, కళ్ళ కింద నలుపు తగ్గించు, రంగు మాత్రం వాళ్ళది వాళ్ళకు ఉంచు. అట్ల చేసిన షీట్లు రెండు రకాలుగా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎక్కువమంది మామూలుదే ఎంచుకుంటారు, నేను చూసినంతవరకు.

రెండు పద్ధతుల మధ్య నిజంగా తేడా ఉందా అని అనుమానం వస్తే, రెండిట్నీ వేరే వేరే స్టాంప్ చేసి ఒకదాని మీద ఒకటి డిఫరెన్స్‌లో పెట్టు. తేడా లేనిచోట నల్లగా ఉంటుంది, ఉన్నచోట వెలుగుతుంది. మరీ చిన్న తేడా కంటికి అందకపోతే పైన లెవెల్స్ వేసి తెల్ల స్లైడర్ ఎడమకు లాగు. వరుస గురించి ఎవరెన్ని మాటలు చెప్పినా ఇదొక్కటి చాలు తేల్చడానికి.

గింప్ వాడేవాళ్ళు 2.10 లేదా దాని తర్వాతది వేసుకోండి, పాస్ త్రూ గ్రూపులు అందులోనే వచ్చినాయి. పాత 2.8లో ఓవర్‌లే అని పెట్టినా లెక్క సాఫ్ట్ లైట్‌దే నడిచేది, కాబట్టి అప్పటి పాఠాల్లోని సంఖ్యలు ఇప్పుడు సరిపోవు.

చివరగా ప్రింట్ ల్యాబ్‌కు పంపేటప్పుడు. ఇన్ని మోడ్స్ కలిపిన ఫైల్ 16 బిట్‌లో ఉంటేనే ఆకాశంలో పట్టీలు పట్టీలుగా రాకుండా ఉంటుంది. లేయర్లు ఉండగానే ఎస్‌ఆర్‌జీబీకి (మామూలుగా వాడే రంగుల ప్రమాణం) మార్చడం, 8 బిట్‌కు మార్చడం చేయొద్దు, మోడ్స్ అన్నీ కొత్త విలువలతో మళ్ళీ లెక్క వేసుకుంటాయి, నువ్వు చూసిన రంగు ఒకటి, వచ్చేది ఇంకోటి. పీఎస్‌డీ విడిగా సేవ్ చేసి, కాపీలో ముందు ఫ్లాటెన్ (లేయర్లన్నీ ఒకటి చేయడం), తర్వాత ఎస్‌ఆర్‌జీబీ, తర్వాత 8 బిట్, ఆ తర్వాతే జేపెగ్. ఫ్లాటెన్ చేసే ముందు ఒక్కసారి 100 శాతం జూమ్‌లో చూడు, 33 శాతంలో చూసినప్పుడు మోడ్స్ కలిసిన చోట మానిటర్ మీద ఇంకోలా చూపిస్తుంది. చేశాక లేయర్స్ ప్యానెల్ స్క్రీన్‌షాట్ పెట్టు, గ్రూప్ మూసినవీ తెరిచినవీ రెండూ కనపడేట్టు, యాడైనా లేయర్ తప్పు అంతస్తులో ఉంటే చెప్తా.